ఆది జాకెట్లు తిరిగిచ్చేసిన డిసెంబరు

నా పెళ్ళాం మీద నాకు అసూయ. ఈ మాట ఇంతకాలం ఎవరితోనూ అనలేదు. మగవాడు పక్కింటివాడి బండిని చూసి కుళ్ళుకోవచ్చు, తోడల్లుడి ఉద్యోగాన్ని చూసి కుళ్ళుకోవచ్చు. దానికి లోకం ఒప్పుకుంటుంది. కట్టుకున్నదాన్ని చూసి కుళ్ళుకుంటున్నానంటే ఏమనుకుంటారో నాకు తెలుసు. అనుకోనీ.

ఆమె కుట్టుమిషను ముందు కూర్చునే తీరు చూసి నాకు కుళ్ళు. మైదుకూరులో మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో, కిటికీ పక్కన మిషను. పొద్దున పాపను బడికి పంపి, టేపు మెడలో వేసుకుని కూర్చుందంటే ఇక ఆమెకు ఈ లోకంతో పని లేదు. గడియారం చూడదు, నిట్టూర్చదు. లోపలి గదిలో నేను మంచం మీద పడుకుని, ఉద్యోగం లేని మగవాడు పగటిపూట పైకప్పును ఎలా చూస్తాడో అలా చూస్తూ ఆ చప్పుడు వినేవాణ్ణి. ఈమెకు పుట్టినప్పుడే దేవుడు పని చేతికిచ్చి పంపాడు, నన్ను మాత్రం నువ్వే వెతుక్కోపో అన్నాడు అనిపించేది. ఒక్కోసారి లేచి వెళ్ళి మిషను తీసి వీధిలో పెట్టాలన్నంత కోపం వచ్చేది. కారణం ఏమీ ఉండేది కాదు.

మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. ఎవరికైనా పని దొరికితే మొదటి సంపాదనను ప్రథమ ఫలమని కవరులో పెట్టి, ఆదివారం ఆరాధనలో ముందుకెళ్ళి ఇవ్వాలి. పాస్టరుగారిని మేము అయ్యగారనే పిలుస్తాం. ఆయన తల మీద చెయ్యి పెట్టి, "ఈ బిడ్డను ఈ పనిలో స్థిరపరచు ప్రభువా" అని ప్రార్థన చేస్తారు. అందరూ జన్మకు ఒక్కసారి నిలబడేచోట నేను ఐదుసార్లు నిలబడ్డాను. మూడోసారికి ఆమెన్‌లో నవ్వు వినిపించింది. నాలుగోసారి అయ్యగారు 'స్థిరపరచు' అనే మాటను రెండుసార్లు అన్నారు. ఐదోసారి ఆరాధన ముగిశాక, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఒక పెద్దాయన నా భుజం తట్టాడు.

"ఏమప్పా, నీ పుణ్యాన గుడికి ప్రథమ ఫలాలు కొదవ లేదు. నువ్వు ఇట్లనే మారతా ఉండు" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళతోపాటు నేనూ నవ్వాను. ఏం చేస్తాం? తిరిగే కాలు, తిట్టే నోరు ఊరకుండవని మా అమ్మ బతికున్నప్పుడు అంటుండేది. నాకు రెండూ ఉన్నాయి.

మొదటిది మైదుకూరులోనే ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచరు పని. అప్పటికి పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. పిల్లలచేత నదుల పేర్లు బట్టీ పట్టించడమే తప్ప అక్కడ నేను చెప్పేదేమీ లేదని ఆరో నెలలో తేలిపోయింది. నా పక్క గదిలో లెక్కల మాస్టరు ఉండేవాడు. సుద్దముక్కతో బోర్డు మీద వృత్తం గీస్తే చెయ్యి ఎత్తకుండా గీసేవాడు, గీసి తానే మురిసిపోయేవాడు. ఆ మురిపెం చూసి నాకు ఒళ్ళు మండేది. నాకు అలాంటిది ఒక్కటైనా ఉందా అని ఆలోచిస్తే లేదు. మానేశాను.

తర్వాత కడపలో మెడికల్ రెప్పు. మే నెల ఎండలో టై కట్టుకుని, బ్యాగు మోసుకుని డాక్టర్ల గుమ్మాల ముందు నిలబడడం. ఆ తర్వాత పురుగుమందుల కంపెనీ తరఫున కోయిలకుంట్ల చుట్టుపక్కల పల్లెలు తిరిగాను. అక్కడ నల్లరేగడి నేలల్లో శనగ వేస్తారు. ఒకరోజు ఒక రైతు కాయను ఒలిచి లోపలి పురుగును చూపించి, "ఇది ఏ పురుగప్పా?" అని అడిగాడు. నేను ఫోనులో బొమ్మలు వెతుకుతున్నాను. ఆయన కాసేపు చూసి, "నీకు తెలీకుంటే తెలీదని చెప్పు, ఏం తప్పుల్యా. ఎండలో ఎందుకు నిలబడ్తావు, చెట్టు కిందికి రా" అన్నాడు. తిట్టి ఉంటే ఆ ఉద్యోగంలో ఇంకో ఏడాది ఉండేవాణ్ణేమో. అంత ప్రేమగా అనేసరికి ఉండలేకపోయాను.

నాలుగోది సొంతంగా పెట్టిన జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తుల అంగడి. దాని గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు, కరెంటు లేనప్పుడు మూసి ఉండేది, ఉన్నప్పుడు సర్వరు ఉండేది కాదు.

ఐదోది కర్నూలులో ఒక ఆసుపత్రి ముందు బల్ల దగ్గర, టోకెన్లిచ్చే పని. వారమంతా అక్కడే గదిలో ఉండి శనివారం సాయంత్రం ఇంటికొచ్చేవాణ్ణి. అక్కడి నర్సుల గురించి ఇంట్లో చెప్పేవాణ్ణి. ఎంత గోలలో ఉన్నా వాళ్ళ చెయ్యి వణకదని, నరం దొరకని ముసలివాళ్ళకు కూడా ఒక్కసారికే సూది ఎక్కిస్తారని. నా పెళ్ళాం కుట్టడం ఆపి మరీ వినేది. "నరం దొరక్కపోతే ఏం చేస్తారు? మొదట యాడ చూస్తారు?" అని అడిగేది. "ఆ పిల్లలు ఎంతవరకు చదివినారంట?" అని కూడా అడిగింది. ఆడవాళ్ళ మధ్య పని చేస్తున్నానని దీనికి అనుమానం పుట్టిందనుకున్నాను. సంతోషంగా కూడా అనిపించింది. ఇన్నేళ్ళుగా నేను పడుతున్న మంటలో ఒక్క సెగన్నా ఆమెకు తగిలిందని రెండు మాటలు కల్పించి కూడా చెప్పాను.

ఆ ఉద్యోగం కూడా ఆ ఏడు నవంబరులో మానేశాను. ఇదీ ఆ డిసెంబరు నాటికి నా పరిస్థితి.

డిసెంబరు ఆమెకు పంట కాలం. క్రిస్మస్‌కు మా చర్చి ఆడవాళ్ళందరికీ కొత్త జాకెట్లు కావాలి, అవన్నీ ఆమె చేతి మీదుగానే పోవాలి. ఆ ఏడు క్వయరులో పాడే పన్నెండుమందీ ప్రొద్దుటూరులో ఒకే రంగు చీరలు తెచ్చుకున్నారు, నెమలికంఠం రంగు. మా వైపు జాకెట్టు కుట్టించుకోవాలంటే టేపుతో కొలతలిచ్చే అలవాటు లేదు. పాత జాకెట్టు ఒకటి తెచ్చి ఇస్తారు. దాన్ని ఆది అంటారు. ఆ ఆదిని చూసి కొత్తది కొయ్యాలి. గోడకు కొట్టిన తాడు మీద అలాంటి ఆది జాకెట్లు ఇరవయ్యారు వేలాడుతున్నాయి. ఆ సమయంలో కోయిలకుంట్లలో నా పెళ్ళాం వాళ్ళమ్మకు కంటి ఆపరేషను అయింది. నాలుగు రోజులు అక్కడికి పోయి రావలసి వచ్చింది.

"ఏమీ ముట్టుకోవద్దు బావా. వచ్చినాక నేను చూసుకుంటా" అని చెప్పి పాపను తీసుకుని బస్సెక్కింది. వరసకు నాకు మరదలవుతుంది, పెళ్ళయ్యాక కూడా బావా అనే పిలుస్తుంది.

ముట్టుకోవద్దంటే నాకు చెయ్యి ఆగుతుందా? మొదటిరోజు ఆ తాడును చూస్తూ కూర్చున్నాను. ఈ పనిలో అంత బ్రహ్మవిద్య ఏముంది, ఒక కొలతేగా అనిపించింది. ఈ ఆది గొడవంతా ఎందుకు, కొలతలన్నీ ఒక పుస్తకంలో రాస్తే సరిపోతుంది గదా. అప్పుడు ఎవరైనా కొయ్యొచ్చు. ఆమె చేతిలో ఉందని ఊరంతా అనుకునేది చేతిలో లేదు, అంకెల్లో ఉంది అని తేలిపోతుంది. ఆమెకు సాయం చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. దాన్ని అంకెల్లోకి దించి, 'ఇంతేనా నీ పని' అనాలని నా కోరిక.

టేపు తీసుకుని భుజం, ఛాతీ, నడుము, చంక, చేతి పొడవు అన్నీ కొలిచి, ఇరవయ్యారు పేజీల్లో రాశాను. గీతలు కొట్టి, ఎర్ర పెన్నుతో పేర్లు రాసి. నా రాత బాగుంటుంది. రెండో రోజు ఆ ఆదులన్నీ సంచిలో వేసుకుని ఇంటింటికీ తిరిగి ఇచ్చేశాను. మూడో రోజు ఇంకో అడుగు ముందుకేశాను. ఫోనులో వీడియోలు చూసి, నా పుస్తకంలోని లెక్క ప్రకారం రెండు జాకెట్లు కోశాను. ఒకటి అయ్యగారి భార్యది, మేము అమ్మగారు అంటాం, ఆమె కూడా క్వయరులో పాడుతుంది. ఇంకొకటి క్వయరులో ముందు నిలబడి పాడే ఆమెది. రెండూ నెమలికంఠం గుడ్డే. కత్తెర భలే సాగింది. అంత హాయి నాకు ఐదు ఉద్యోగాల్లో ఎప్పుడూ కలగలేదు. ఆరో ప్రథమ ఫలం ఇదేనేమో అని కూడా అనుకున్నాను, సిగ్గులేకుండా.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆమె వచ్చింది. సంచి దించకముందే తాడు వైపు చూసింది.

"ఆదులు యాడ?"

"ఇచ్చేసినా. అన్నీ పుస్తకంలో ఉండాయి చూడు" అని పుస్తకం చేతికిచ్చాను.

ఆమె నాలుగు పేజీలు తిప్పింది. తిట్టలేదు. "క్వయరు ముందు నిలబడే అక్క ఆదిలో చంక కింద కుట్టు విప్పి మళ్ళా వేసుంటాది. చూసినావా?" అని అడిగింది.

"కుట్టు ఎందుకు చూడాల? కొలత కొలత కాదా?"

"అమ్మగారిది మడతల కాడ రంగు పోయింటాది. పెట్టెలో మడతేసిందే గానీ తొడుక్కున్నింది గాదు. అది చూసినావా?"

చూడలేదు. అప్పుడు ఆమె కింద కూర్చుని, పిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది. రోజూ తొడుక్కునే జాకెట్టును ఏ ఆడదీ ఆదిగా ఇవ్వదు. అది వెలిసిపోయి ఉంటుంది, చంకల్లో చిరిగి ఉంటుంది, పరాయి చేతికివ్వడానికి సిగ్గు. పెట్టెలోంచి మంచిది తీసి ఇస్తుంది. అది చెల్లెలి పెళ్ళికి కుట్టించుకున్నది, మూడేళ్ళ కిందటిది. ఈ మూడేళ్ళలో ఒళ్ళు వచ్చి ఉంటుంది, లేదా జబ్బు చేసి తగ్గి ఉంటుంది. లావయ్యానని ఎవరూ నోటితో చెప్పరు. ఆ ఆదిని తిప్పి చూసి, మడతలు చూసి, విప్పిన కుట్లు చూసి, ఇచ్చిన మనిషి నిలబడిన తీరు చూసి ఎవరికి ఎంత వదలాలో తెలుసుకోవాలి.

"అయితే అందరికీ ఒగ అంగుళం కలుపుకో" అన్నాను.

"తగ్గినోళ్ళకు కూడానా?"

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, "ముందే ఈ సంగతి చెప్పింటే ఏమాయె?" అని ఎదురు తిరిగాను. అప్పుడే ఆమె కంటికి నేను కోసిన ముక్కలు కనిపించాయి. బల్ల మీద పద్ధతిగా పేర్చి పెట్టాను, ఆమె చూసి మెచ్చుకోవాలని. లోపల విప్పుకోవడానికి ఒక్క వేలెడు గుడ్డ కూడా వదలకుండా, టేపు చెప్పినట్టు కోశాను. ఆమె ఒక ముక్క చేతిలోకి తీసుకుని అంచు పట్టుకుని చూసింది. చీరతో వచ్చిన జాకెట్టు గుడ్డ అది, ఇంకోటి దొరకదు. పండక్కి ఎనిమిది రోజులుంది.

మర్నాడు ప్రొద్దుటూరు బస్సెక్కి ఆ రంగుకు దగ్గరి రంగు గుడ్డ కోసం అంగళ్ళన్నీ తిరిగింది. తెచ్చి, చంక కింద కనపడనిచోట పట్టీలు వేసి ఆ రెండూ నిలబెట్టింది. మిగతా ఆదుల కోసం ఇంటింటికీ మళ్ళీ తానే పోయింది. ఎవరైనా ఒకసారి వెనక్కిచ్చిన ఆదిని మళ్ళీ అడిగితే ఆ టైలరు పని అయిపోయినట్టే, కొలతలు పోగొట్టుకుందని అంటారు. చిన్న ఊరిలో టైలరుకు నమ్మకమే మూలధనం. ఆమె పోగొట్టుకోబోయేది అది. సంచి పట్టుకుని వెనకాలే నేనూ పోయాను.

అమ్మగారి గుమ్మం దగ్గర ఆమె, "తప్పంతా నాదే అమ్మగారూ. అమ్మ ఆపరేషను గాభరాలో తొందరపడి కోసినా. చంక కింద పట్టీ పడింది. మీకు ఇష్టం లేకుంటే వేరే కుట్టిస్తా" అంది.

నేను పక్కనే ఉన్నాను. అమ్మగారు ఆమె చెయ్యి పట్టుకుని, "పట్టీ ఉంటే ఏమ్మా, నీ చేతి పని గదా. మీయమ్మకు కన్ను ఎట్లుండాది?" అన్నారు.

నాకు సిగ్గు వేసి ఉంటే మనిషినే. నాకు వేసింది అసూయ. నా తప్పును ఆమె నెత్తిన వేసుకుంటే దానికి కూడా ఆమెకే ప్రేమ దక్కింది. నేను నిజం చెప్పినా నవ్వే ఊరు, ఆమె అబద్ధం ఆడితే చెయ్యి పట్టుకుంటుంది. ఇంటికొచ్చేదాకా పళ్ళు బిగబట్టి, వచ్చాక బయటపడ్డాను.

"నీకేం, నీ పని నీకు దొరికింది. రాణి మాదిరి కూచుంటావు, ఊరంతా నీ దగ్గరికే వస్తాది. నేను ఊరూరూ తిరిగినా నాకు దొరకలే. నిన్ను చూస్తే నాకు కడుపు మండుతాది. చెప్పేసినా. ఏమనుకుంటావో అనుకో."

ఆమె కత్తెర బల్ల మీద పెట్టింది. "నాకు దొరికిందని నీకెవరు చెప్పినారు?"

"ఒగరు చెప్పాల్నా? కండ్లకు కనపడ్తాండాదే."

"ఏం కనపడ్తాండాది? కూచోనుండేది కనపడ్తాండాది. ఇష్టమై కూచున్నానో, లేసే దావ లేక కూచున్నానో కనపడ్తాండాదా?"

ఆమె ఆగలేదు, గొంతు కూడా పెంచలేదు.

"నువ్వు ఇస్కూలు మానేసొచ్చిన వారమే కర్నూలులో నర్సింగుకు చేరమని నాకు కాగితం వచ్చిండె. పెండ్లయినా తీసుకుంటామన్న్యారు. మీయమ్మకు చూపించినా. 'ముందు వాన్ని కుదురుకోనీమ్మా, తర్వాత పోదువు' అనె. సరే, ఒగ ఏడు చూద్దామనుకున్నా. నువ్వు ఇంగా కుదురుకుంటానే ఉండావు."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్పింటే పొమ్మనేవాడివే. అదే నా భయం. ఇద్దరమూ ఎతుక్కుంటా పోతే ఇంట్లో పొయ్యి ఎవరు ముట్టిచ్చేది? ఒగరన్నా ఒగచోట కూచోవాల గదా బావా."

కత్తెరను పక్కకు జరిపి, "కడుపుమంట నీకొక్కనికే ఉందనుకుంటాండావా?" అంది. "నచ్చలేదని చెప్పి నువ్వు లేసొచ్చినప్పుడల్లా నాకెంత మండుతాదో తెలుసునా? నచ్చలేదని చెప్పి లేసొచ్చే రాత నాకు యాడిది? ప్రతిసారీ కొత్త చొక్కా ఏసుకోని కొత్త ఊరి బస్సెక్కుతావు. ఆ చొక్కాలకు గుండీలు కుట్టేది నేను."

ఆ మాటతో లేచి, నీళ్ళు తాగి వచ్చి మళ్ళీ మిషను ముందు కూర్చుంది. ఇరవైమందికి పైగా జాకెట్లు ఇంకా ఉన్నాయి. శనివారాల్లో ఆమె అడిగిన ప్రశ్నలు నాకు ఒక్కొక్కటే అర్థమయ్యాయి. నరం దొరక్కపోతే ఏం చేస్తారు, ఎంతవరకు చదివినారు. నేను దాన్ని అనుమానమనుకుని రెండు మాటలు కల్పించి చెప్పాను గదా. తలుచుకుంటే ఇప్పటికీ చెంప పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ఇక్కడితో నా బుద్ధి మారిందని రాస్తే బాగుంటుంది గానీ అది నిజం కాదు. అంతా విన్న తర్వాత కూడా నాకు అసూయే కలిగింది, ఇంకో రకంగా. ఆమెకు కనీసం తనకేం కావాలో తెలుసు. దక్కలేదు, అది వేరే సంగతి. ఊళ్ళు తిరిగి ఐదు పనులు చేసినా నాకు ఏం కావాలో నాకిప్పటికీ తెలియదు. ఇష్టం లేని పనిలోనే ఆమె అంత బాగుంటే, ఇష్టమైన పనిలో ఎలా ఉండేదో అని కూడా ఆలోచించాను. ఎవరో ముసలాయన చెయ్యి పట్టుకుని, ఒక్కసారికే నరం దొరకబుచ్చుకుని ఉండేది. నా కళ్ళకు ఆ దృశ్యం అంత స్పష్టంగా కనిపించింది.

"ఇప్పుడు పోతావా?" అని రెండు రోజుల తర్వాత అడిగాను.

"ఈ వయసులో ఎవరు చేర్చుకుంటారు? ఆ పుస్తకం ఇట్లియ్యి, వెనక పేజీల్లో పాల లెక్క రాసుకుంటా" అంది.

పండగకు రెండు రోజుల ముందు అన్నీ అయిపోయాయి. ఇచ్చి వచ్చే పని నేను తీసుకున్నాను. నేనే అడిగి తీసుకున్నాను. ఎవరి పేరు ఎవరి పొట్లం మీద ఉందో ఆమె రెండుసార్లు సరిచూసి పంపింది. అన్ని ఇళ్ళూ తిరిగి, సాయంత్రానికి కాలవ అవతలి వీధిలో చివరి ఇంటికి చేరాను. అక్కడ ఒక అవ్వ ఒక్కతే ఉంటుంది. పొట్లం విప్పి, జాకెట్టును వెలుతురుకు పట్టుకుని, వేలితో కుట్టు వెంబడి తడుముతూ పోయింది.

"చూడు నాయనా, నీ పెండ్లానికి ఈ పనంటే ఎంత పాణమో. కుట్టును చూస్తేనే తెలుస్తాది. ఇట్ల ఇష్టపడి చేసుకునే పని దొరకాలంటే రాసిపెట్టుండాల" అంది.

పదకొండేళ్ళుగా ఈ మాటే నేనూ అనుకుంటూ వచ్చాను. అవునవ్వా అని వచ్చేయవచ్చు.

"లేదవ్వా. ఆమెకు నర్సు కావాలని ఉండె" అన్నాను.

అవ్వ జాకెట్టు దించి నా వైపు చూసింది. "అట్లనా? మరి పోలేదేం నాయనా?"

"నేను కుదురుకోలేదవ్వా" అన్నాను.